కౌన్సెలింగ్ గదిలో కులం, మతం, ఊరు: థెరపిస్టు తనను తాను గమనించుకోవడానికి బౌద్ధ పద్ధతిలో సమగ్ర మార్గదర్శి

నెల్లూరులోనూ ఒంగోలులోనూ కౌన్సెలింగ్ చేస్తున్నవారు, కాలేజీల్లో విద్యార్థులతో మాట్లాడే కౌన్సెలర్లు, ఎం.ఎస్సీ. సైకాలజీ ముగించి కొత్తగా క్లయింట్లను చూస్తున్నవారు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. క్లయింటు కులమో, మతమో, యాసో ప్రస్తావనకు వచ్చిన క్షణంలో తమలో కలిగే కదలికను ఎలా పట్టుకోవాలి, ధ్యాన తరగతుల్లో విన్న అనాత్మ భావనను (‘నేను’ అనే మారని సారం ఏదీ లేదన్న బౌద్ధ బోధను) అక్కడ ఎలా వినియోగించాలి అన్నది ఆ ప్రశ్న. దానికి సమాధానాన్ని, చేయవలసిన పనుల వరుసలో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక హద్దు. అనాత్మ పరిశీలన థెరపిస్టు తన మీద తాను చేసుకోవలసిన పని. దాన్ని క్లయింటుకు మందుగా ఇవ్వకూడదు. కింద చెప్పిన ప్రతి మెట్టూ ఈ హద్దుకు లోబడే ఉంటుంది.

## 1. మొదలుపెట్టే ముందు

ఈ సాధనకు మీరు బౌద్ధులై ఉండనవసరం లేదు. అయితే రోజూ ఒకే వేళకు పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చునే అలవాటు మాత్రం తప్పనిసరి, ఎందుకంటే ఇంట్లో ఒంటరిగా కూర్చున్నప్పుడు మనసులో పుట్టే చిన్న విసుగును గుర్తించలేనివారు, ఎదుట ఒక మనిషి కూర్చుని మాట్లాడుతుండగా అదే విసుగును గుర్తించగలరని ఆశించలేము.

రెండవది, కేసు నోట్సుతో సంబంధం లేని ఒక విడి నోటుపుస్తకం. ఇందులో క్లయింటు పేరు, ఊరు, తేదీ ఏవీ రాయకూడదు. మీలో జరిగినది మాత్రమే రాయాలి.

మూడవది సూపర్‌విజన్. మీ కులానికీ మతానికీ చెందని ఒక సీనియరుతో నెలకొకసారైనా మాట్లాడే ఏర్పాటు చేసుకోండి. మన జిల్లాల్లో ఇది చెప్పినంత తేలిక కాదు. ఒక డాక్టరు పేరు ఎత్తితే నాలుగు మాటల్లో ఆయన సొంత ఊరూ అత్తగారి ఊరూ కూడా బయటపడతాయి. కాబట్టి వేరే జిల్లాలోని వ్యక్తిని ఎంచుకుని ఫోనులో మాట్లాడడమే మేలు.

మొదలుపెట్టే ముందు సరిచూసుకోండి:

- పదిహేను నిమిషాల రోజువారీ సాధన కనీసం మూడు వారాలుగా సాగుతోందా?
- విడి నోటుపుస్తకం తాళం వేసే చోట ఉందా?
- సూపర్‌విజన్‌కు ఒప్పుకున్న వ్యక్తి మీ బంధువర్గానికి బయటివారేనా?
- అవసరమైతే క్లయింటును పంపడానికి ఒక మానసిక వైద్య నిపుణుల వివరాలు దగ్గర ఉన్నాయా?

## 2. మీ గుర్తింపును ఐదు భాగాలుగా విడదీసి రాయండి

‘నేను’ అని మనం అనుకునేదాన్ని బౌద్ధం ఐదు స్కంధాలుగా విడదీస్తుంది: రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం. తత్త్వ చర్చగా చదివితే ఇది పొడిగా కనిపిస్తుంది గానీ, ఒక్క క్షణం మీద పెట్టి చూస్తే చక్కటి పనిముట్టు.

క్లయింటు తన ఇంటిపేరు చెప్పిన క్షణాన్ని తీసుకోండి. నోటుపుస్తకంలో ఐదు గడులు గీసి ఇలా నింపండి.

రూపం: చెవిన పడినదీ కంటికి కనిపించినదీ మాత్రమే. ఇంటిపేరులోని అక్షరాలు, మెడలో సిలువ, నుదుటి బొట్టు, బురఖా, చేతికి కట్టిన దారం, మాటలోని యాస.

వేదన: ఆ క్షణంలో మీకు ఇంపుగా అనిపించిందా, వెగటుగా అనిపించిందా, రెండూ కాలేదా? ఈ మూడింటిలో ఒకటే రాయాలి. కారణాలు ఇక్కడ రాయకూడదు.

సంజ్ఞ: మనసు వేసిన చీటీ. ‘మనవాళ్ళు’, ‘వాళ్ళు’, ‘బాగా ఉన్నవాళ్ళు’, ‘కోటాలో సీటు వచ్చినవాళ్ళు’. సభ్యంగా సవరించకుండా, వచ్చింది వచ్చినట్లే రాయాలి.

సంస్కారాలు: ఆ చీటీని అనుసరించి చేయబోయిన పని. అదనంగా నవ్వడం, గొంతు మార్చడం, సలహా ఇవ్వడానికి తొందరపడడం, గడియారం వైపు చూడడం.

విజ్ఞానం: ఇవన్నీ కలిసి, ఆ తర్వాత మీరు విన్న మాటలకు పూసిన రంగు. ఉదాహరణకు, ‘అప్పు తీర్చలేకపోయాను’ అన్న ఒకే వాక్యం ఒకరి నోట దురదృష్టంగానూ మరొకరి నోట బాధ్యత లేనితనంగానూ వినిపించిందా?

ఐదు గడులూ నిండాక, ఒక్కొక్క గడి మీద వేలు పెట్టి, అనాత్మ గురించి బుద్ధుడు చేసిన ఉపదేశమైన అనత్తలక్ఖణ సుత్తంలోని మూడు వాక్యాలను ప్రశ్నలుగా మార్చి అడగండి: ఇది నాదా? ఇది నేనా? ఇది నా ఆత్మా? వెగటు మీది కాదు, అది పుట్టి పోయింది. చీటీ మీరు తయారు చేసింది కాదు, అది మీ ఇంటి వరండాలోనో బడిలోనో చిన్నప్పుడే మీకు అంటినది. ఆ విషయం స్పష్టంగా కనిపించినప్పుడు సిగ్గుపడి దాన్ని దాచిపెట్టవలసిన అవసరమూ, సమర్థించుకోవలసిన అవసరమూ రెండూ తగ్గుతాయి.

ఈ అభ్యాసం ఉద్దేశం మీ కులాన్నో ఊరినో చెరిపేసుకోవడం కాదు. తనతో వాదానికి వచ్చిన బ్రాహ్మణులు బుద్ధుణ్ణి గోత్రనామంతో ‘గోతమా’ అని సంబోధించడం సుత్తాల్లో అడుగడుగునా కనిపిస్తుంది. గోత్రనామం ఉండడం వేరు, దాన్ని పట్టుకుని వేలాడడం వేరు.

వారానికి రెండు మూడు క్షణాలను మించి రాయకండి. ఎక్కువ రాస్తే అది సాధనగా మిగలక దినచర్య అవుతుంది.

## 3. పాత కేసు నోట్సు తీసి క్రియాపదాల కింద గీతలు గీయండి

నా అంచనాలో ఈ మార్గదర్శిలో అన్నిటికన్నా ఉపయోగపడే మెట్టు ఇదే, ఎందుకంటే ఇందులో మనసును నమ్మవలసిన పని లేదు, కాగితం సాక్ష్యం చెబుతుంది.

మీ చివరి పది కేసుల నోట్సు తీయండి. పెద్దవయసు క్లయింట్ల విషయంలో మీరు ఎక్కడ ‘వచ్చారు, చెప్పారు’ అని రాశారో, ఎక్కడ ‘వచ్చాడు, చెప్పింది’ అని రాశారో గుర్తు పెట్టండి. రొయ్యల చెరువు యజమాని ‘వచ్చారు’ అయి, అదే వయసున్న మేత చల్లే కూలిమనిషి ‘వచ్చాడు’ అయితే, మీరు ఎన్ని ధ్యాన తరగతులకు వెళ్ళినా ఆ రెండు క్రియాపదాల మధ్య ఉన్నది మానమే, అంటే తనను ఇతరులతో పోల్చి కొలుచుకునే గుణమే.

బౌద్ధం మానాన్ని మూడుగా చెబుతుంది: నేను అధికుణ్ణి, నేను సమానుణ్ణి, నేను తక్కువవాణ్ణి. మూడూ బంధాలే అన్నది గమనించవలసిన విషయం.

అధికుణ్ణి అనే మానం ఏకవచనంగా, ఉపదేశంగా, క్లయింటు చెప్పిన మాటను పూర్తి కానివ్వకుండా సరిదిద్దడంగా బయటపడుతుంది.

తక్కువవాణ్ణి అనే మానం ఎదుట కూర్చున్నది చీమకుర్తి గ్రానైటు వ్యాపారో, పట్టణంలో పేరున్న కుటుంబమో అయినప్పుడు కనిపిస్తుంది. గొంతు సన్నబడుతుంది, మాటల్లో ఇంగ్లిషు పెరుగుతుంది, సెషన్ సమయం దాటిపోయినా ముగించలేము, అడగవలసిన తాగుడు సంగతి అడగకుండా వదిలేస్తాము.

సమానుణ్ణి అనే మానం పట్టుకోవడానికి అన్నిటికన్నా కష్టమైనది. ‘నాకు కులం పట్టింపు లేదు, అందరూ ఒకటే’ అనే రూపంలో ఒకరికి, ‘మేమూ ఆ కష్టాల్లోంచి వచ్చినవాళ్ళమే, నాకు చెప్పకుండానే తెలుసు’ అనే రూపంలో మరొకరికి వస్తుంది. రెండు సందర్భాల్లోనూ క్లయింటు చెప్పబోయినది చెప్పకుండా ఆగిపోతారు.

సరిదిద్దుకునే విధానం చాలా సాదా. పద్దెనిమిదేళ్ళు దాటిన ప్రతి ఒక్కరినీ మొదటి మాట నుంచి ‘మీరు’ అనండి, నోట్సులోనూ బహువచనమే రాయండి. విద్యార్థులనైతే ‘నిన్ను నువ్వు అనమంటావా, మీరు అనమంటారా?’ అని మొదటిరోజే అడిగి, వారు చెప్పినట్లే చేయండి. వయసులో పెద్దవారు తామే ‘నన్ను నువ్వనమ్మా, పరవాలేదు’ అన్నా మొదటి రెండు సెషన్ల వరకు మారకపోవడం మంచిది. ఆ మాట చనువుతో వచ్చిందో, అలవాటైన ఒదుగుడుతో వచ్చిందో అప్పటికి మీకు తెలియదు.

## 4. సెషన్‌లో గమనించే వరుస

ఎరుకతో గమనించడం మీద బుద్ధుడి ఉపదేశమైన సతిపట్ఠాన సుత్తం ప్రతి పరిశీలననూ తనలో, ఇతరులలో, తనలోనూ ఇతరులలోనూ కలిపి చేయమంటుంది. ధ్యాన తరగతుల్లో మొదటి భాగమే ఎక్కువగా నేర్పుతారు. థెరపిస్టుకు మూడూ కావాలి.

1. పాదాలు. నేల మీద అరికాళ్ళ బరువును గమనించండి. కళ్ళు మూయకండి, మాట ఆపకండి.
2. తనలో. ఇంపా, వెగటా, రెండూ కాదా? మనసులో ఒక్క మాట అనుకుని వదిలేయండి.
3. ఎదుటివారిలో. భుజాలు బిగిశాయా? చూపు తలుపు వైపు పోయిందా? చెప్పే వేగం మారిందా?
4. ఇద్దరి మధ్య. గదిలో ఏదైనా మాట తప్పించుకుని పోయిందా? ఆ తప్పించడం మీరు మొదలుపెట్టారా, వారా?
5. తిరిగి వినడం. ఇక్కడ ఏ నిర్ణయమూ చేయకుండా క్లయింటు మాటకు తిరిగి రావాలి.

ఈ ఐదూ కలిపి ఒకటి రెండు ఊపిరుల కాలం. అంతకు మించి పడితే మీరు క్లయింటును వదిలి ధ్యానంలోకి వెళ్ళిపోయారని అర్థం.

ఒక ఊహాత్మక సందర్భాన్ని దగ్గరగా చూద్దాం. కనిగిరి ప్రాంతపు ఊరి నుంచి వెళ్ళి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒక యువతి, నిద్ర పట్టడం లేదని సెలవుల్లో మీ దగ్గరకు వచ్చారనుకోండి. ఫారంలో పేరు, వయసు, ఫోను నంబరు చకచకా రాశారు. ‘మతం’ అన్న గడి దగ్గర కలం ఆగింది. మూత పెట్టారు, మళ్ళీ తీశారు, ‘హిందూ’ అని మిగతా అక్షరాలకన్నా చిన్నగా రాశారు. అరగంట తర్వాత బల్ల మీద ఉన్న ఫోను మోగింది. తెరమీద ‘పాస్టరమ్మ’ అని కనిపించింది. ఆమె గబుక్కున ఫోనును బోర్లా తిప్పారు.

ఈ క్షణంలో చాలామందిలో ముందుగా పుట్టేది వెగటు, దాని వెంటనే ‘అబద్ధం రాశారు’ అనే చీటీ, ఆ వెంటనే ‘నాతో నిజాయితీగా లేకపోతే చికిత్స ఎలా సాగుతుంది’ అని ప్రశ్నించాలనే తొందర. ఇక్కడే ఆగాలి.

చట్టం సంగతి తెలిసిన థెరపిస్టుకు ఆ కలం ఎందుకు ఆగిందో ఊహకు అందుతుంది. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, తర్వాత చేసిన సవరణలతో సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు వర్తిస్తుంది. క్రైస్తవంలోకి మారినవారికి వర్తించదు, ఆంధ్రప్రదేశ్‌లో వారు బీసీ-సి కిందికి వస్తారు. సర్టిఫికెట్టులో ఒక పేరు, చర్చిలో ఒక పేరు, ఇంట్లో మరో పిలుపు పెట్టుకుని పెరిగిన మనిషికి, మీ ఫారంలోని ఆ చిన్న గడి ఉద్యోగానికీ చదువుకూ ముడిపడిన ప్రశ్న. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో అమెరికన్ బాప్టిస్టు మిషను పందొమ్మిదో శతాబ్దం నుంచీ పనిచేసింది కనుక, ఇక్కడి కౌన్సెలరుకు ఈ సందర్భం ఎప్పుడో ఒకప్పుడు ఎదురుకాక మానదు.

అయితే ఇది కూడా ఊహే. ఆమె పెళ్ళి చేసుకోదలచిన అబ్బాయి కుటుంబం క్రైస్తవులై ఉండవచ్చు, పాస్టరమ్మ పక్కింటి ఆవిడ కావచ్చు. అందుచేత ఆ రోజు ఫారం గురించి ఏమీ అనకండి. సెషన్ చివర, లేదా తర్వాతి సెషన్ మొదట్లో, ఇంతే అడగండి: ‘ఇంట్లో మిమ్మల్ని ఏమని పిలుస్తారు? ఇక్కడ నేను ఏ పేరుతో పిలిస్తే మీకు బాగుంటుంది?’ జవాబు ఏదైనా, దాన్నే వాడండి. మతం గడిని మీ ఫారంలోంచి తీసేయడం అంతకన్నా మంచి పని.

## 5. క్లయింటును అడగవలసిన క్రమం

కులాన్ని నేరుగా అడగకూడదు. అలాగని ఆ చుట్టుపక్కలకు వెళ్ళకుండా ఉండనూ కూడదు. దూరం నుంచి దగ్గరకు వచ్చే ఈ వరుస పనికి వస్తుంది.

1. ‘ఇక్కడికి ఎలా వచ్చారు, ఎంతసేపు పట్టింది?’ దీనితో ఊరు, బస్సు, తోడు వచ్చినవారు, ఇంట్లో చెప్పి వచ్చారా లేదా అన్నవి తెలుస్తాయి.
2. ‘మీ ఇంట్లో ఇలాంటి బాధ వస్తే ముందు ఎవరికి చెబుతారు?’
3. ‘దీనికి ఇప్పటివరకు ఏమేం చేసి చూశారు?’ మొక్కులు, తాయెత్తులు, ప్రార్థనలు, ఆర్‌ఎంపీ డాక్టరు ఇచ్చిన మందులు అన్నీ ఇక్కడ వస్తాయి. మొహంలో ఏ మార్పూ లేకుండా వినండి.
4. ‘మీవాళ్ళలో ఇలాంటి విషయాన్ని ఎలా చూస్తారు?’ ఈ ‘మీవాళ్ళు’ ఎవరో క్లయింటే నిర్ణయించుకోనివ్వండి. కొందరికి కులం, కొందరికి సంఘం, కొందరికి హాస్టలు స్నేహితులు.
5. ‘బయట ఎక్కడైనా మిమ్మల్ని వేరుగా చూసిన సందర్భం ఈ బాధతో కలిసి ఉందా?’ ఇది రెండో సెషన్‌కు ముందు అడగకండి.

మూడవ ప్రశ్న దగ్గర కొంచెం నిలవాలి. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో జరిగే రొట్టెల పండుగకు వెళ్ళి సంతాన రొట్టె అందుకున్నానని ఒక హిందూ స్త్రీ చెప్పారనుకోండి. చెరువు నీళ్ళలో నిలబడి, కోరిక తీరినవారి చేతి నుంచి రొట్టె అందుకుని, తన కోరిక తీరాక మళ్ళీ వచ్చి ఇంకొకరికి రొట్టె ఇస్తానని మొక్కుకున్న మనిషి ఆమె. ఆచారాలను గుడ్డిగా పట్టుకోవడం ఒక ఉపాదానమని (వదలని పట్టు అని) బౌద్ధం అంటుంది నిజమే; కానీ ఆమె పట్టు ఎంత గట్టిదో తేల్చడం మీ పని కాదు. ‘ఆ రొట్టె తీసుకున్నప్పుడు మీకేమనిపించింది? ఇచ్చినావిడ ఏమన్నారు?’ అని అడిగితే, పిల్లలు లేరన్న మాటను అత్తింటివారి ముందు మోసే స్త్రీకి, అదే బాధను దాటివచ్చిన మరో స్త్రీ ఎదురుపడిన సంగతి బయటికి వస్తుంది. చికిత్సకు కావలసిన ఆసరా అక్కడే ఉంది.

కొందరు క్లయింట్లు తామే బౌద్ధులమని చెబుతారు. మీకు బౌద్ధం అంటే శ్వాస మీద ధ్యాస కావచ్చు. వారికది 1956 అక్టోబరు 14న నాగపూరులో అంబేడ్కర్ తీసుకున్న దీక్ష, ఇరవైరెండు ప్రతిజ్ఞలు, తల ఎత్తుకుని నడవడం. మీరు చదివిన బౌద్ధాన్ని వారికి బోధించబోకండి. వారి బౌద్ధం ఏమిటో వారినే చెప్పనివ్వండి.

## 6. క్లయింటు మిమ్మల్ని అడిగినప్పుడు

‘మీ ఇంటిపేరేంటి సార్? మనవాళ్ళేనా?’ మన ప్రాంతంలో ఈ ప్రశ్న రాని వారం ఉండదు. గోడ మీది బోర్డులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటే ఇంకా త్వరగా వస్తుంది.

మాట నిజమై ఉండాలి, మేలు చేసేదై ఉండాలి, సమయం చూసి చెప్పాలి అన్న మూడు పరీక్షలు అభయరాజకుమార సుత్తంలో ఉన్నాయి. వాటిని ఇక్కడ ఇలా అన్వయించుకోవచ్చు. అబద్ధం చెప్పకూడదు. ‘అలాంటివి ఇక్కడ అడగకూడదు’ అని మందలించడం వల్ల మేలు లేదు. మొదటి సెషన్‌లో అన్నీ చెప్పేయడానికి సమయమూ కాదు.

సరిపోయే జవాబు ఒకటి: ‘చెప్పడానికి ఇబ్బంది లేదండీ. చెప్పేముందు ఒక మాట అడుగుతాను. నేను మీవాళ్ళనే అయితే మీకు మాట్లాడడం తేలికవుతుందా, కష్టమవుతుందా?’

చాలాసార్లు కష్టమవుతుందనే అంటారు. సొంతవాళ్ళయితే మాట పెళ్ళిళ్ళ దాకా పోతుందని భయం; బయటివాళ్ళయితే చిన్నచూపు చూస్తారని భయం. ఆ భయం మాట్లాడుకున్నాక ఇంటిపేరు చెప్పినా చెప్పకపోయినా పెద్ద తేడా ఉండదు. బంధుత్వం కలుస్తుందని తేలితే మాత్రం ఆ కేసును మరొకరికి అప్పగించండి. ఇందులో మొహమాటానికి తావు లేదు.

‘అక్కా’, ‘అన్నా’ అన్న పిలుపులను అడ్డుకోవలసిన అవసరం లేదు. వరస కలపకుండా మనవాళ్ళు బాధ చెప్పుకోలేరు. పిలుపుతోపాటు నిమ్మకాయల సంచీ, రొయ్యల పొట్లం కూడా వచ్చినప్పుడు ఏం చేయాలన్నది మాత్రం ముందే నిర్ణయించుకుని, అందరికీ ఒకే నియమం పాటించండి.

## 7. ‘నా ఖర్మ’ అన్న మాట వచ్చినప్పుడు

పొగాకు ధర పడిపోయి అప్పులపాలైన రైతు, పెళ్ళి విడిపోయిన స్త్రీ, ఊళ్ళో అవమానం పాలైన కుర్రవాడు ముగ్గురూ ఇదే మాట అంటారు. బౌద్ధం కర్మ సిద్ధాంతాన్ని అంగీకరిస్తుంది కాబట్టి, థెరపిస్టు ఇక్కడ తలూపేసి ముందుకు పోవడం జరుగుతుంది. అది పొరపాటు.

సీవక సుత్తంలో, మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమేనా అని అడిగినప్పుడు బుద్ధుడు ఆ వాదాన్ని తోసిపుచ్చాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, వాటి కలయిక, రుతువుల మార్పు, సరైన జాగ్రత్త లేకపోవడం, ఇతరుల దాడి, కర్మఫలం అని ఎనిమిది కారణాలు లెక్కపెట్టి, కర్మను వాటిలో ఒకటిగా మాత్రమే చెప్పాడు. ఇతరుల దాడిని విడిగా చెప్పడం కౌన్సెలరుకు ముఖ్యం: ఒకరు అవమానించబడితే ఆ తప్పు అవమానించినవారిదే.

క్లయింటుకు సుత్తం వినిపించకండి. ‘ఇందులో మీ చేతిలో ఉన్నదెంత, వాతావరణం, మార్కెటు చేసిందెంత, మనుషులు చేసిందెంత? మూడూ వేరువేరుగా చెప్పగలరా?’ అని అడగండి. కాగితం మీద మూడు వరుసలు గీసి ఇస్తే, రైతులు ముఖ్యంగా, లెక్క రాసినంత శ్రద్ధగా నింపుతారు.

ఈ సందర్భంలోనే బౌద్ధం చెప్పే రెండు సత్యాల సంగతి కూడా: రోజువారీ లోకంలో చెల్లే వ్యవహార సత్యం, అంతిమమైన పరమార్థ సత్యం. వ్యవహారాన్ని ఆశ్రయించకుండా పరమార్థాన్ని బోధించలేమని బౌద్ధ తత్త్వవేత్త నాగార్జునుడు మూలమధ్యమకకారికలో అంటాడు. పరమార్థంలో కులానికి సారం లేకపోవచ్చు; వ్యవహారంలో అది కాలనీ ఊరికి ఏ దిక్కున ఉందో, టీ ఏ గ్లాసులో వచ్చిందో నిర్ణయించింది. చికిత్స ఆ వ్యవహారంలోనే మొదలవ్వాలి.

## 8. తరచుగా జరిగే పొరపాట్లు, సరిదిద్దుకోవడం

‘కులమనేది మనసు కల్పన’ అని క్లయింటుకు చెప్పడం. గుర్తింపు లాక్కోబడిన మనిషికి గుర్తింపే లేదని చెప్పడం రెండో దెబ్బ. ఆ మాట నోటిదాకా వస్తే, రెండో మెట్టులోని ఐదు గడులను ఆ సాయంత్రం మీ కోసం నింపండి.

కరుణ పేరుతో కుంగిపోవడం. కరుణకు దగ్గరి శత్రువు, అంటే కరుణలాగే కనిపించి దాన్ని చెడగొట్టేది, శోకమని బౌద్ధ గ్రంథం విశుద్ధిమార్గం హెచ్చరిస్తుంది. క్లయింటు అవమానం వింటూ మీ కళ్ళు నిండి, వారే మిమ్మల్ని ఓదార్చవలసి వస్తే సెషన్ తలకిందులైనట్లే. పాదాలకు తిరిగి రండి, ఊపిరి వదలండి, ‘ఆ తర్వాత ఏమైంది?’ అని అడగండి.

ఉపేక్ష (బౌద్ధంలో సమభావం) పేరుతో పట్టనట్లు ఉండడం. ఉపేక్షకు దగ్గరి శత్రువు తెలియనితనంతో కూడిన ఉదాసీనత. క్లయింటు వివక్ష గురించి చెబుతుంటే తటస్థంగా తలూపితే, వారు దాన్ని అవతలిపక్షం తీసుకోవడంగా చదువుతారు. ‘అది మీకు జరగకూడనిది’ అన్న ఒక్క వాక్యం తటస్థతను చెడగొట్టదు.

క్లయింటును పాఠం చెప్పే పంతులుగా మార్చడం. యానాదుల ఆచారాల గురించో, ముస్లిం కుటుంబాల పద్ధతుల గురించో మీ ఉత్సుకత తీర్చుకోవడానికి వారి సమయం వాడకండి. చికిత్సకు అవసరమైనదే అడగండి. మిగతాది బయట చదువుకోండి.

చెప్పకుండా ధ్యానం చేయించడం. ‘కాస్త కళ్ళు మూసుకోండి’ అని మొదలుపెట్టి శ్వాస సాధన చేయించడం మంచిది కాదు. ఇది బౌద్ధ సంప్రదాయంలోంచి వచ్చిందని చెప్పండి, ఇష్టం లేకపోతే వేరే మార్గాలున్నాయని కూడా చెప్పండి. కొందరు క్రైస్తవ, ముస్లిం క్లయింట్లకు అది తమ విశ్వాసానికి అడ్డమనిపించవచ్చు. వారి సొంత ప్రార్థనలోనే నెమ్మది దొరికితే మీకు అభ్యంతరం ఏమిటి?

## 9. ఈ పద్ధతిని ఆపవలసిన సందర్భాలు

- క్లయింటు ఆత్మహత్య ఆలోచనలు చెప్పినప్పుడు గుర్తింపు చర్చను పక్కన పెట్టి ముందు భద్రత చూడాలి. ఇంట్లో పురుగుమందు డబ్బాలు ఎక్కడున్నాయని అడగాలి, క్లయింటుతో చెప్పి కుటుంబంలో ఒకరిని కలుపుకోవాలి, మానసిక వైద్యుల దగ్గరకు పంపాలి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబరు 14416 రాసి చేతికివ్వాలి.
- లేని మాటలు వినిపించడం, తాను తాను కాదన్నట్లు అనిపించడం వంటివి ఉంటే ‘నేను అనేది లేదు’ దిశగా సాగే ఏ సాధనా చేయించకూడదు.
- దాడికో అత్యాచారానికో గురైనవారికి కళ్ళు మూసుకుని శరీరాన్ని గమనించడం పాత భయాన్ని రేపవచ్చు. కళ్ళు తెరిచి, గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు చెప్పించడం అంతకన్నా క్షేమం.
- ఒకే వర్గం క్లయింట్ల విషయంలో మీ వెగటు వారాల తరబడి తగ్గకపోతే, సూపర్‌విజన్‌లో చెప్పి కొంతకాలం ఆ కేసులు తీసుకోకండి.

## 10. రికార్డులు

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 లోని 23వ సెక్షను గోప్యతను హక్కుగా ఇస్తుంది. 18వ సెక్షను కులం, మతం, సంస్కృతి వంటి కారణాలతో చికిత్సలో వివక్ష చూపకూడదంటుంది. ఈ రెంటినీ కలిపి చదువుకుంటే, కేసు ఫైలులో కులమతాలను చికిత్సకు అవసరమైతే తప్ప రాయకపోవడమే సరైన పని అని తేలుతుంది. నాలుగో మెట్టులోని యువతి ఫైలును వారి ఊరివాడైన ఒక ఉద్యోగి తెరిచి చూస్తే ఏమవుతుందో ఊహించుకుని రాయండి.

బాలల కౌన్సెలర్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల మీద లైంగిక నేరం గురించి తెలిస్తే పోక్సో చట్టం, 2012 ప్రకారం ఫిర్యాదు చేయడం తప్పనిసరి. గోప్యతకున్న ఈ హద్దును మొదటి సెషన్‌లోనే, పిల్లలకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి.

## 11. నెలకొకసారి చూసుకోవలసినవి

నెలాఖరున ఒక గంట కేటాయించి ఈ వరుసలో చూడండి:

- విడి నోటుపుస్తకంలో ఏ చీటీ ఎక్కువసార్లు కనిపించింది?
- కొత్త కేసు నోట్సులో ఏకవచనం మళ్ళీ దూరిందా?
- ఎవరి సెషన్లు సమయానికి ముగిశాయి, ఎవరివి సాగాయి, ఎవరివి పది నిమిషాల ముందే అయిపోయాయి?
- ఫీజు తగ్గించినది ఎవరికి? అడిగినందుకా, అడగకుండానేనా?
- మొదటి సెషన్ తర్వాత తిరిగి రానివారు ఎవరు?

చివరి ప్రశ్న దగ్గర ఎక్కువసేపు కూర్చోండి. రానివారిలో ఎక్కువమంది ఒకే వర్గంవారో, ఒకే వైపు ఊళ్ళవారో అయితే, దానికి బస్సు వేళలు కారణమా, ఫీజు కారణమా, మీ గది కారణమా అని విడదీసి చూడాలి. గోడ మీద ఏ దేవుడి పటాలున్నాయి, కాంపౌండరు ఎవరిని కూర్చోమంటున్నాడు, ఎవరిని నిలబెడుతున్నాడు, మంచినీళ్ళు అందరికీ ఒకే గ్లాసులో ఇస్తున్నారా అన్నవి మీ కుర్చీలోంచి కనిపించవు. ఒకరోజు మీ క్లినిక్కు వీధి తలుపు నుంచి లోపలికి వచ్చి, వెయిటింగ్ హాల్లో అరగంట కూర్చుని చూడండి. తేలిన మార్పులను మరుసటి నెల కొత్త క్లయింట్లు వచ్చేలోగా చేయండి.